మొండికేసిన ఆయిల్ ఫిల్టరు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఇంజిన్ ఆయిల్ సొంతంగా మార్చుకునేవాళ్లు ఎక్కువయ్యాక ఈ శీర్షికకు ఒకే రకం ఉత్తరాలు వస్తున్నాయి. చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) బోల్టు ఊడింది, ఆయిల్ దిగిపోయింది, ఫిల్టరు మాత్రం కదలడం లేదు. ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నాం.

ప్ర: నాది స్విఫ్ట్ పెట్రోల్ కారు. గతసారి బయట ఒక షెడ్‌లో ఫిల్టరు వేయించాను. ఇప్పుడు నేనే విప్పుదామంటే చేత్తో అంగుళం కూడా కదల్లేదు. డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేశాను. బెల్టు పానా కొన్నాను, అది జారిపోతోంది. డబ్బా మధ్యలో కాస్త నొక్కుకుపోయింది కూడా. ఏం చేయమంటారు?
– కారు యజమాని, కరీంనగర్

జ: ముందుగా ఆ స్ప్రే మీద ఆశ వదులుకోండి. ఫిల్టరు లోపలి థ్రెడ్లు ఎప్పుడూ ఆయిల్లోనే నానుతుంటాయి. అవి సాధారణంగా పట్టెయ్యవు. పట్టేసేది మూతి చుట్టూ ఉండే రబ్బరు వాషరు. పొడి రబ్బరును పానాతో గట్టిగా బిగిస్తే అది నలిగి ఇంజిన్ ముఖానికి అతుక్కుంటుంది. ఆపైన కొన్ని నెలలపాటు వేడెక్కుతూ చల్లారుతూ ఉండేసరికి గట్టిపడి, జిగురు పెట్టినట్టు కూర్చుంటుంది. బయట కొట్టిన స్ప్రే ఆ వాషరు కిందికి దిగదు. సరిగ్గా అక్కడ ఆయిల్ దిగకూడదనే కదా వాషరు పెట్టింది! పైగా స్ప్రే వల్ల డబ్బా జిడ్డెక్కి మీ బెల్టు పానా మరింత జారుతోంది.

కాబట్టి మీ పని రెండు ముక్కలు: పట్టు దొరికించుకోవడం, ఆ పట్టును వాషరుకు వీలైనంత దగ్గర పెట్టడం. డబ్బా రేకు మందం అర మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. మధ్యలో పట్టి తిప్పితే మీ బలమంతా రేకును మెలితిప్పడానికే పోతుంది, వాషరు దాకా చేరదు. మూతి దగ్గర మాత్రం రేకు మడతపడి, లోపల మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ప్లేటు ఉంటుంది. పానా ఆ మడతకు ఒక అంగుళం లోపల ఉండాలి.

ఇంజిన్‌ను అయిదు నిమిషాలు తిప్పి ఆపండి. పది పదిహేను నిమిషాలు ఆగితే ఫిల్టరు గోరువెచ్చగా ఉంటుంది, రబ్బరు కాస్త మెత్తబడుతుంది, చెయ్యి కాలదు. బండి కిందికి దూరాల్సివస్తే జాకీ ఒక్కదాన్ని నమ్మకండి, స్టాండ్లు పెట్టాకే దూరండి. ఇప్పటికే చాంబర్ ఖాళీ చేసి ఉంటే ఇంజిన్ వేసే మాటే లేదు. అప్పుడు చల్లటి ఫిల్టరుతోనే కుస్తీ పట్టాలి.

తర్వాత డబ్బాను సబ్బు నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. పెట్రోలుతో తుడవద్దు, పక్కనే వేడి సైలెన్సర్ పైపు ఉంటుంది. 80 నంబరు ఉప్పు కాగితాన్ని రెండంగుళాల వెడల్పున చీల్చి, గరుకు రెండు పక్కలకీ వచ్చేలా నిలువునా మడిచి డబ్బా చుట్టూ చుట్టండి. లోపలి గరుకు డబ్బాను, బయటి గరుకు బెల్టును పట్టుకుంటుంది. దాని మీద మీ బెల్టు పానా వేయండి. జారుతున్న ఫిల్టర్లు చాలావరకు ఇక్కడే లొంగుతాయి.

ఏ వైపు తిప్పాలో మరోసారి చూసుకోండి. ఫిల్టరు అడుగు, అంటే మూసి ఉన్న కొస, మీ ముఖానికి ఎదురుగా ఉన్నట్టు ఊహించుకుని, గడియారం ముల్లు తిరిగే దిక్కుకు ఎదురుగా తిప్పాలి. ఫిల్టరు కిందికి వేలాడుతూ ఉండి, బానెట్ తెరిచి పైనుంచి చెయ్యి పెట్టేవాళ్లకు ఇది తిరగబడుతుంది. వదులు చేస్తున్నామనుకుని ఇంకా బిగించేస్తుంటారు. డబ్బా మీద మార్కర్‌తో బాణం గీసుకుంటే ఈ గొడవ ఉండదు.

బెల్టుకు లొంగకపోతే కప్పు పానా. దాన్ని ఫిల్టరు అడుగుకు టోపీలా తొడిగి, రాట్చెట్‌తో తిప్పుతారు. కానీ కప్పు వ్యాసం, లోపలి పలకల సంఖ్య మీ ఫిల్టరుతో కచ్చితంగా కలవాలి. చిన్న కార్ల ఫిల్టర్లకు 65 మి.మీ. దగ్గర, 14 పలకల కప్పులు ఎక్కువగా దొరుకుతాయి. కొనేముందు ఫిల్టరు వెంట తీసుకెళ్లి, తొడిగి చూసుకుని కొనండి. ఒక మిల్లీమీటరు వదులున్నా పలకలు అరిగి గుండ్రబడతాయి. పలకలు లేని నున్నటి డబ్బాకు మూడు గోళ్ల పానా మేలు. తిప్పేకొద్దీ గోళ్లు దగ్గరికి బిగుసుకుంటాయి, అంటే మొండి ఫిల్టరే దాని పట్టును పెంచుతుంది. మీ డబ్బా మధ్యలో నొక్కుకుపోయింది కాబట్టి కప్పు సరిగా ఎక్కకపోవచ్చు. మేమైతే నేరుగా మూడు గోళ్లదానికో, చైను పానాకో వెళ్తాం. చైను పానా డబ్బాను నలిపేస్తుంది. నలిపెయ్యనివ్వండి, ఎలాగూ పారేసేదే. చూసుకోవాల్సింది ఒక్కటే, చైను మూతి దగ్గర ఉందా లేదా.

చివరి మాట: మెల్లగా, గట్టిగా లాగుతూ ఉంటే రేకు మెలిపడుతుంది. అతుకు ఊడేది ఝాడింపుకు. పిడిని బిగువుగా పట్టుకుని, దాని కొస మీద రబ్బరు సుత్తితో టక్కున రెండు దెబ్బలు వేయండి. మొదటి పావు చుట్టు తిరిగిందంటే మిగతాది చేతి పనే.

ప్ర: ఫిల్టరులో స్క్రూడ్రైవర్ దిగ్గొట్టి తిప్పమన్నారు. తిప్పితే రేకు చిరిగి డబ్బా చేతిలోకి వచ్చింది. మూతి ప్లేటు మాత్రం ఇంజిన్‌కే ఉండిపోయింది. బండి ఇంట్లో నిలబడిపోయింది.
– డీజిల్ జీపు నడిపే పాఠకుడు, తెనాలి

జ: స్క్రూడ్రైవర్ పద్ధతి ఎప్పటినుంచో ఉన్నదే, కొన్నిసార్లు పని చేస్తుంది కూడా. కానీ అది వెనక్కి రాలేని దారి. డబ్బాకు చిల్లి పడ్డాక ఇంజిన్‌ను ఒక్క క్షణం కూడా వేయకూడదు, పంపు ఆయిలంతా ఆ చిల్లిలోంచే చిమ్మేస్తుంది. అంటే మెకానిక్ దగ్గరికి నడుపుకుంటూ వెళ్లే వీలు కూడా పోతుంది. కొత్త ఫిల్టరు, ఆయిల్ చేతిలో పెట్టుకుని, దుకాణాలు తెరిచి ఉండే వేళలోనే ఆ సాహసం చేయాలి.

మీ దగ్గర మిగిలిన దాన్ని ఇలా తీయండి. ముందుగా బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పండి. చాలా బళ్లలో స్టార్టర్ మోటారు, ఆల్టర్నేటర్ దగ్గరలోనే ఉంటాయి, రేకు ముక్క తగిలితే మంటే. వాటి మీద పాలిథిన్ కవరు కప్పండి. రేకు కత్తెరతో మిగిలిన డబ్బా పీలికలు కత్తిరించి, కాగితం మూలకాన్ని, మధ్యలోని చిల్లుల గొట్టాన్ని లాగేయండి. తోలు చేతి తొడుగులు తప్పనిసరి, చిరిగిన రేకు బ్లేడే.

ఇప్పుడు కనిపించేది గుండ్రటి ప్లేటు. నడుమ ఇంజిన్ నుంచి వచ్చిన నిపుల్ (ఫిల్టరు ఎక్కే థ్రెడ్ గొట్టం), దాని చుట్టూ ఆయిల్ లోపలికి వచ్చే చిన్న బొక్కలు. ఆ బొక్కలే మీకు పిడి. అడుగు పొడవు, అంగుళం పైన వెడల్పు, 6 మి.మీ. మందం ఉన్న ఇనప పట్టీ తీసుకోండి. ప్లేటులో ఎదురెదురు బొక్కల మధ్య దూరాన్ని, నడిబొడ్డు నుంచి నడిబొడ్డుకు, కొలవండి. పట్టీకి అదే దూరంలో రెండు రంధ్రాలు వేసి, ప్లేటు బొక్కల్లో దూరే మందం బోల్టులు నట్లతో బిగించండి. నిపుల్ ప్లేటు పైకి పొడుచుకుని ఉంటుంది. అది పట్టీకి తగలకుండా బోల్టులు పొడవైనవి వేయండి, లేదా పట్టీ మధ్యలో నిపుల్ దూరేంత పెద్ద రంధ్రం చేయించండి. వెల్డింగ్ షాపులో చిన్న పని. బోల్టులు బొక్కల్లో పెట్టి, పట్టీని ప్లేటుకు ఆనించి పట్టుకుని తిప్పితే బలం సరిగ్గా పడాల్సిన చోటే పడుతుంది.

పట్టీ చేయించే వీలు లేకపోతే మొద్దు ఉలి. పదునుది వద్దు, అది రేకును కోసేస్తుంది. ప్లేటు అంచు మడత మీద ఉలి ఆనించి, వదులయ్యే దిక్కుగా, అంచు వెంబడే పోయేలా కొట్టాలి. ఒకేచోట కాకుండా చుట్టూ మూడు నాలుగు చోట్ల మార్చి మార్చి కొట్టండి. ఉలి మొన ఇంజిన్ వైపు వాలిందా, కొంప మునిగినట్టే. వాషరు కూర్చునే ముఖం చాలా ఇంజిన్లలో అల్యూమినియం. అక్కడ గీత పడితే ఇక ఏ ఫిల్టరు వేసినా ఆయిల్ చెమ్మ ఆగదు.

ఎవరికైనా స్క్రూడ్రైవరే గతి అయితే ఎక్కడ దిగ్గొట్టాలో కూడా చెబుతాం. మరీ మూతి దగ్గర కొడితే నిపుల్‌కు తగిలి దాని థ్రెడ్ చెడుతుంది. మరీ అడుగున కొడితే మీకు జరిగినట్టే చిరుగుతుంది. నిపుల్ సాధారణంగా ఫిల్టరులోకి ఓ 15, 20 మి.మీ. దాకా వస్తుంది. దానికి ఆవల, కానీ మూతి వైపు సగంలోనే కొట్టాలి. కొత్త ఫిల్టరు మూతిలోకి చూస్తే మీ బండిది ఎంత లోపలికి వెళ్లగలదో అంచనా దొరుకుతుంది. ఒక పక్క నుంచి రెండో పక్కకు పూర్తిగా దూసుకురావాలి, ఒక్క గోడకే దిగితే చిరగడం ఖాయం.

ప్ర: రొయ్యల చెరువు దగ్గర ఏరేటర్ల (నీటికి గాలి అందించే యంత్రాలు) కోసం డీజిల్ జనరేటర్ ఉంది. ఫిల్టరు డబ్బా బయటంతా తుప్పు. పానా వేస్తే పొరలు పొరలుగా రాలుతోంది. ఆయిల్ మార్చి ఏడాది దాటింది.
– ఆక్వా రైతు, భీమవరం

జ: పానా పట్టే ముందు ఇంకో పని. మీ జనరేటరుకు కరెంటు పోగానే దానంతటదే స్టార్టయ్యే ప్యానెల్ ఉంటే, దాన్ని ఆఫ్‌లో పెట్టి, ఎమర్జెన్సీ బటన్ నొక్కి, బ్యాటరీ తీగ కూడా విప్పేయండి. మూడూ చేయండి. ఫ్యాన్ పక్కన చెయ్యి ఉన్నప్పుడు లైను పోతే ప్యానెల్‌కు మీరున్నారని తెలీదు. ఆ సమయంలో చెరువుకు ఏరేషన్ ఆగకుండా రెండో ఏర్పాటు ఉండాలి. కాబట్టి పగటి పూట, ఎండ ఉన్నప్పుడు పెట్టుకోండి. నీళ్లలో ఆక్సిజన్ పడిపోయేది తెల్లవారుజామున.

చెరువుల గట్టు మీది ఉప్పు తేమకు డబ్బా పెయింటు లేచి, మూతి మడతలో తుప్పు మొదలవుతుంది. ఆ తుప్పు ఇంజిన్ ముఖానికీ మడతకీ మధ్య బిగుసుకుంటుంది. మొదటి జవాబులో స్ప్రే వద్దన్నాం కానీ మీ విషయం వేరు. ఇక్కడ తుప్పు బయటి వైపు ఉంది, దాని దాకా స్ప్రే చేరుతుంది. వైరు బ్రష్‌తో మడత చుట్టూ రుద్ది, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, అరగంట ఆగండి. తర్వాత డబ్బా మీది జిడ్డు పూర్తిగా తుడవండి.

జనరేటర్ ఫిల్టర్లు పెద్దవి, బెల్టు పానాతో సరిపోదు. చైను పానాను మూతి మడత పక్కనే వేసి, పిడికి రెండడుగుల పైపు తొడగండి. రాలుతున్న పొరలు గీకేశాకే చైను వేయాలి, లేకపోతే అవే బాల్ బేరింగుల్లా జారిస్తాయి. కింద పెద్ద తొట్టి పెట్టండి. ఈ సైజు ఫిల్టరులో లీటరుకు అటూ ఇటూగా ఆయిల్ నిలిచి ఉంటుంది.

ఫిల్టరు మూతి పైకి ఉండేలా నిలువుగా బిగించేదైతే, కొత్తదాన్ని మంచి ఆయిల్‌తో నింపి ఎక్కించండి. మధ్య రంధ్రంలో పోయకండి. అది వడకట్టిన ఆయిల్ ఇంజిన్‌కు వెళ్లే దారి. అందులో పోసిన చెత్త నేరుగా బేరింగులకే పోతుంది. చుట్టూ ఉన్న చిన్న బొక్కల్లో పోసి, కాగితం పీల్చుకునేదాకా ఆగి మళ్లీ పోయండి. బిగించాక డబ్బా బయట, మడత మీద పలచగా గ్రీజు పూయండి. ఇక ఏడాది దాటనివ్వద్దు. మీటరు మీద గంటలు నిండినా, 12 నెలలు నిండినా, ఏది ముందైతే అప్పుడు మార్చాల్సిందే.

ప్ర: గ్యాస్ మంట చూపిస్తే రబ్బరు కరిగి ఊడుతుందంటున్నారు, నిజమేనా?
– వర్క్‌షాప్ నేర్చుకుంటున్న కుర్రాడు, ఖమ్మం

జ: వద్దు బాబూ. డబ్బా లోపల ఆయిల్, పక్కన డీజిల్ పైపులు, పైన వైర్లు. రబ్బరు కరిగేలోపు ఇంకేదో అంటుకుంటుంది. వేడి కావాలంటే ఇంజిన్ తిప్పు, అదే చాలు.

ప్ర: ఫిల్టరు తిప్పుతుంటే దాంతోపాటు నిపుల్ కూడా ఊడి వచ్చేసింది. ఇంజిన్ పాడైనట్టా?
– ట్రాక్టరు రైతు, మిర్యాలగూడ

జ: పాడవలేదు. నిపుల్ రెండు కొసలా థ్రెడ్ ఉన్న గొట్టం, ఒక కొస ఇంజిన్‌లో, ఒక కొస ఫిల్టరులో. ఇంజిన్ వైపు పట్టు కంటే ఫిల్టరు వైపు పట్టు ఎక్కువైతే ఇలా వస్తుంది. నిపుల్‌ను తిరిగి వేయకుండా కొత్త ఫిల్టరు మాత్రం ఎక్కించే వీల్లేదు, కాబట్టి దాన్ని జాగ్రత్తగా బయటికి తీయాలి.

పాత ఫిల్టరును బెంచ్ వైస్‌లో బిగించండి. నిపుల్ లోపల ఆరు పలకల రంధ్రం ఉందేమో చూడండి. ఉంటే అలెన్ కీతో సులువుగా వస్తుంది. లేకపోతే మధ్యలో థ్రెడ్ లేని నున్నటి భాగాన్ని, లేదా పలకలుంటే వాటిని, పానాతో పట్టండి. థ్రెడ్ మీద పైపు పానా పడితే ఇక కొత్త నిపుల్ కొనుక్కోవడమే. నిపుల్‌ను, ఇంజిన్ రంధ్రాన్ని బ్రేక్ క్లీనర్‌తో జిడ్డు లేకుండా తుడిచి, ఇంజిన్ వైపు థ్రెడ్‌కే రెండు చుక్కలు నీలం రంగు థ్రెడ్ లాకర్ (థ్రెడ్ వదులు కాకుండా పట్టే జిగురు) వేసి బిగించండి. ఎక్కువ పోస్తే అది ఆయిల్ దారిలోకి కారుతుంది. రెండు కొసల పొడవు వేరుగా ఉంటే ఏది ఎటో తీసేటప్పుడే గుర్తు పెట్టుకోండి. లాకర్ ఆరడానికి డబ్బా మీద రాసిన సమయం ఇచ్చాకే ఫిల్టరు ఎక్కించండి.

ఇదే సందర్భంలో ఇంకొకటి. వ్యాసం, ఎత్తు కలిసింది కదా అని చేతికందిన ఫిల్టరు కొనకండి. చిన్న ఇంజిన్లలో ఎక్కువగా కనిపించే థ్రెడ్లు రెండు: 20 మి.మీ. వ్యాసం 1.5 మి.మీ. పిచ్ (చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం) ఉన్నది, ముప్పావు అంగుళం వ్యాసంతో అంగుళానికి 16 చుట్లది. ముప్పావు అంగుళం అంటే 19.05 మి.మీ. ముప్పావు అంగుళం ఫిల్టరు 20 మి.మీ. నిపుల్ మీద ఎక్కనే ఎక్కదు, కాబట్టి తప్పు వెంటనే తెలుస్తుంది. తిరగేసి చూస్తే ప్రమాదం. 20 మి.మీ. ఫిల్టరు ముప్పావు అంగుళం నిపుల్ మీద ఎక్కుతుంది, కాస్త ఊగుతుంది, బిగిసినట్టే అనిపిస్తుంది. కానీ థ్రెడ్లు కొసలు మాత్రమే పట్టుకుని ఉంటాయి. చల్లటి ఇంజిన్‌ను స్టార్టు చేసినప్పుడు ఆయిల్ ఒత్తిడి బాగా పెరుగుతుంది, ఆ దెబ్బకు ఫిల్టరు ఊడి కింద పడుతుంది. రెండు చుట్లు ఎక్కాక ఫిల్టరు అటూ ఇటూ ఊగితే అక్కడే ఆపి తీసేయండి. నంబరు చూసి కొనడమే మార్గం.

ప్ర: అమెరికాలో ఉంటున్నాం. మాది టయోటా క్యామ్రీ కారు, 2.5 లీటర్ల ఇంజిన్ (2015). ఆయిల్ మార్చే దుకాణంలో ఎవరో దిట్టంగా బిగించారు. నల్లటి ప్లాస్టిక్ మూత రావడం లేదు. ఇది డబ్బా ఫిల్టరు కాదు కదా?
– పాఠకుడు, డల్లాస్

జ: కాదు. మీ దాంట్లో కాగితం మూలకం ఒక్కటే మారుతుంది. దాన్ని పట్టుకునే మూత బండితోనే ఉంటుంది, కాబట్టి నలిపి తీసే పద్ధతులేవీ పనికిరావు. ఈ మూతలో పట్టేసేది పెద్ద ఓ-రింగు, అంటే గుండ్రటి రబ్బరు రింగు. పాతది మార్చకుండా వదిలేసినా, పొడిగా వేసినా, వేడికి ఉబ్బి గోడకు పట్టుకుంటుంది.

మొదట మూత నడుమ ఉన్న చిన్న డ్రెయిన్ ప్లగ్ తీయండి. 3/8 అంగుళం రాట్చెట్ కొస నేరుగా అందులో దూరుతుంది. ఫిల్టరు పెట్టెలో వచ్చే చిన్న ప్లాస్టిక్ గొట్టం అందులోకి నొక్కితే లోపలి ఆయిల్ ఒళ్లంతా పడకుండా దిగిపోతుంది. తర్వాత టయోటా మూతల కోసమే చేసిన, 64–65 మి.మీ., 14 పలకల కప్పు పానా తొడగండి. పలుచటి రేకు కప్పులు తెరుచుకుని జారతాయి. పోత పోసిన మందపాటి అల్యూమినియందే కొనండి. కప్పును రబ్బరు సుత్తితో తట్టి పూర్తిగా కూర్చోబెట్టి, ఒక చేత్తో పైకి నొక్కి పట్టుకుని, పొడవు పిడితో టక్కున ఝాడించండి. అయినా రాకపోతే ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు, గ్లౌజులు వేసుకుని మళ్లీ చూడండి. పలకలు అరిగిపోతే పెద్ద నోటి ప్లయర్లతో మూత అంచు గట్లను పట్టి తిప్పొచ్చు. మూత పగిలే అవకాశం ఉంది కనుక కొత్తది ముందే తెచ్చి పెట్టుకోండి.

వేసేటప్పుడు పాత ఓ-రింగును గాడిలోంచి తీసేశారో లేదో చూసుకోండి, నల్ల మూత మీద నల్ల రింగు కనబడదు. కొత్తదానికి ఆయిల్ రాసి అదే గాడిలో పెట్టండి. మూతకు బిగింపు బలం (టార్క్) 25 న్యూటన్ మీటర్లు, అంటే 18 ఫుట్ పౌండ్లు. చిన్న ప్లగ్‌కు 13 న్యూటన్ మీటర్లు. పెట్టెలోని చిన్న ఓ-రింగు ఈ ప్లగ్‌ది, ప్లగ్ తీస్తేనే మార్చాలి. బిగింపు బలాన్ని కొలిచే టార్క్ పానా లేకుండా ఈ మూత బిగించవద్దనే మా సలహా. పాత ఆయిల్ మూత ఉన్న డబ్బాలో పోసి ఆటోజోన్, ఓరైలీ లాంటి విడిభాగాల దుకాణాలకు ఇస్తే సాధారణంగా ఉచితంగా తీసుకుంటారు.

ప్ర: మా స్ప్లెండర్‌కు ఆయిల్ ఫిల్టరు ఎక్కడుందో వెతికి వెతికి విసిగిపోయాను.
– విద్యార్థి, అనంతపురం

జ: మీరు వెతుకుతున్న డబ్బా దానికి లేదు. కుడివైపు క్లచ్ కవరు లోపల ఒక తీగ జాలీ, ఇంకా గిర్రున తిరుగుతూ చెత్తను అంచుకు విసిరే ఒక గిన్నె ఉంటాయి. ఆయిల్ మార్చిన ప్రతిసారీ వాటిని శుభ్రం చేయాల్సిన అవసరం లేదు. కవరు తీసినప్పుడు కొత్త గ్యాస్కెట్ తప్పకుండా కావాలి కాబట్టి, కంపెనీ చెప్పిన గడువుకే శుభ్రం చేయించండి.

ప్ర: మా మెకానిక్ ప్రతిసారీ కొత్త ఫిల్టరును చైను పానాతోనే బిగిస్తాడు. 'చేత్తో చాలు' అంటే నవ్వుతాడు. ఎవరిది రైటు?
– టాక్సీ యజమాని, విశాఖపట్నం

జ: మీదే. చైను పానా తీయడానికి, వేయడానికి కాదు. అతను ఈరోజు పానాతో బిగిస్తున్నదే వచ్చేసారి ఊడని ఫిల్టరు. అతనికి ఆ భయం ఎందుకొచ్చిందో ఊహించగలం: ఎప్పుడో ఓ ఫిల్టరు కారి ఉంటుంది. కానీ ఫిల్టరు కారడానికి తక్కువ బిగింపు కంటే పెద్ద కారణం పాత వాషరు. పాత ఫిల్టరు వచ్చేస్తుంది, దాని రబ్బరు మాత్రం ఇంజిన్ ముఖానికి అంటుకుని ఉండిపోతుంది. ఆయిల్ మసిలో నలుపు మీద నలుపు, కంటికి ఆనదు. దాని మీద కొత్తది వేస్తే రెండు రబ్బర్లు ఒకదాని మీద ఒకటి జారి, రోడ్డు మీద ఒక్కసారిగా ఆయిలంతా పోతుంది. ఎంత బిగించినా ఆగదు. పాత ఫిల్టరు తీయగానే తిరగేసి దాని గాడిలో వాషరు ఉందో లేదో చూడాలి, ఇంజిన్ ముఖం మీద వేలితో చుట్టూ తడమాలి. అయిదు సెకన్ల పని.

ఆ తర్వాత ముఖాన్ని పీచు రాలని గుడ్డతో తుడిచి, కొత్త వాషరుకు కొత్త ఇంజిన్ ఆయిల్ వేలితో పలచగా రాయండి. గ్రీజు వద్దు. పొడి రబ్బరైతే తిరిగేటప్పుడు ముఖాన్ని పట్టుకుని మడత పడుతుంది. ఫిల్టరును చేత్తో ఎక్కిస్తూ, రబ్బరు ముఖానికి తగిలిన క్షణం ఆగండి. డబ్బా మీద మార్కర్‌తో ఒక గీత పెట్టి, అక్కడి నుంచి ముప్పావు చుట్టు తిప్పండి. కొన్ని ఫిల్టర్లకు అర చుట్టు, కొన్నిటికి పూర్తి చుట్టు అని డబ్బా మీదే బొమ్మ వేసి ఉంటుంది, దాన్నే పాటించండి. చెయ్యి జారుతుంటే పొడి గుడ్డ పట్టుకోండి. చెయ్యి దూరని చోట ఉన్న ఫిల్టరుకు కప్పు పానా వాడొచ్చు, కానీ ముప్పావు చుట్టు దాటకుండా. డబ్బా మీద తేదీ, కిలోమీటర్లు రాసిపెట్టండి.

స్టార్టు చేశాక ఆయిల్ లైటు కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. పది సెకన్లు దాటినా వెలుగుతూనే ఉంటే ఇంజిన్ ఆపేయండి, ఎక్సలేటర్ ఇవ్వకండి. ఆరితే ఒకట్రెండు నిమిషాలు మామూలుగా తిరగనిచ్చి, టార్చి లైటుతో ఫిల్టరు మూతి చుట్టూ చూడండి. ఆపి అయిదు పది నిమిషాల తర్వాత గేజి కడ్డీ చూసుకుంటే మట్టం కొంచెం దిగి ఉంటుంది. ఫిల్టరు నిండడానికి పోయింది అది. తగ్గినంత పోయండి. మర్నాడు ఉదయం బండి కింద పరిచిన అట్టముక్క పొడిగా ఉంటే మీ మెకానిక్‌కు చూపించండి.

ప్ర: తీసిన పాత ఫిల్టరు, ఆయిల్ ఏం చేయాలి? మా ఊళ్లో చెదలకు వాసాలకు పూస్తారు.
– పాఠకురాలు, నల్లజర్ల

జ: పూయకండమ్మా. వాడిన ఇంజిన్ ఆయిల్లో లోహపు పొడి, కాలిన ఇంధనపు మురికి ఉంటాయి. చర్మానికి మాటిమాటికీ తగలడం మంచిది కాదు, పశువుల పాకలో అసలే వద్దు. మన దేశంలో 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల కిందికి వాడిన ఆయిల్ కూడా వస్తుంది, అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకే చేరాలి. దగ్గర్లోని కంపెనీ సర్వీస్ సెంటర్లు డ్రమ్ముల్లో పోగు చేసి పంపుతుంటాయి, మీది కూడా తీసుకుంటారేమో అడగండి. ఫిల్టరు వెచ్చగా ఉన్నప్పుడే అడుగున మేకుతో ఒక బొక్క పెట్టి, మూతి కిందికి ఉండేలా జల్లెడ మీద రాత్రంతా నిలబెట్టండి. దిగిన ఆయిల్‌ను పాత ఆయిల్ వచ్చిన డబ్బాలోనే పోసి మూత పెట్టండి. నీళ్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ కలపకండి, కలిస్తే తీసుకోరు.